ఫోటోక్యాటలిస్టుల టీఈఎం పనికి లేసీ కార్బన్ కాపర్ గ్రిడ్: చాలాకాలం వాడాక సమీక్ష

టైటానియం డయాక్సైడ్ మీద ప్లాటినం ఎక్కించిన ఫోటోక్యాటలిస్టు (కాంతితో రసాయన చర్యను నడిపే పదార్థం) పౌడర్‌ని టీఈఎంలో (ఎలక్ట్రాన్ బీమ్‌ని సాంపిల్ గుండా పంపి చూసే మైక్రోస్కోప్) చూడటానికి 300 మెష్ (అంగుళానికి 300 గళ్లు) లేసీ కార్బన్ కాపర్ గ్రిడ్, అంటే చిల్లుల కార్బన్ ఫిల్మ్ పరిచిన చిన్న రాగి జాలీ, చాలా బాగుంటుంది. అలాగని ప్రతి ఫోటోక్యాటలిస్టుకీ అదే పెట్టేయకూడదు. కో-క్యాటలిస్టు (ఫోటోక్యాటలిస్టు మీద సాయంగా ఎక్కించేది) ఏ లోహమో చూసుకుని గ్రిడ్ ఎంచుకోవాలి. డబ్బాలో మిగిలింది తీసి వాడేస్తే ఇమేజ్ బాగానే వస్తుంది, ఈడీఎస్ (ఎక్స్-రేలను బట్టి ఏ మూలకం ఎంతుందో చెప్పే కొలత) మాత్రం నమ్మడానికి లేకుండా పోతుంది.

ముందు బాగున్న సంగతులు. ఫిల్మ్ సాలెగూడులా చిల్లులు చిల్లులుగా ఉంటుంది. కణం అంచు చిల్లులోకి వచ్చిన చోట వెనక కార్బన్ ఉండదు కాబట్టి బ్యాక్‌గ్రౌండ్ శుభ్రంగా వస్తుంది. అనటేజ్, రూటైల్ అనేవి టైటానియం డయాక్సైడ్ స్ఫటిక రూపాలు. అనటేజ్ 101 (పరమాణు తలాల దిశను చెప్పే అంకెలు) తలాల మధ్య దూరం 0.352 నానోమీటర్లు, రూటైల్ 110కి 0.325. ఈ తేడా తేల్చడానికి అలాంటి అంచులే కావాలి. ప్లాటినం పరమాణు సంఖ్య 78, టైటానియంది 22. అందుకే ఎబరేషన్ కరెక్టర్ (లెన్సు లోపాలను సరిచేసే భాగం) ఉన్న స్టెమ్‌లో (సన్నని బీమ్‌తో స్కాన్ చేసే టీఈఎం పద్ధతి) హెచ్‌ఏఏడీఎఫ్ (బరువైన పరమాణువులు ఎక్కువ తెల్లగా కనిపించే ఇమేజ్) తీస్తే పలచని అంచు మీద ఒంటరి ప్లాటినం పరమాణువులు కూడా తెల్లచుక్కలుగా కనిపిస్తాయి. విడివిడి నానోకణాలు 5 నానోమీటర్ల లోపు ఉంటే చిల్లుల్లోంచి జారిపోతాయి. వాటికి లేసీ మీద 3 నానోమీటర్ల పలచని కార్బన్ పొర ఉన్న రకం తీసుకోవాలి.

సాంపిల్ వేయడం కష్టమేమీ కాదు. 5 మిల్లీలీటర్ల ఎథనాల్‌లో 1 మిల్లీగ్రాము పౌడర్ వేసి, బాత్ సానికేటర్‌లో (శబ్ద తరంగాలతో ముద్దలు విడదీసే నీటితొట్టి) 5 నిమిషాలు ఉంచి, పెద్ద ముద్దలు అడుక్కి దిగాక పైనుంచి 5 మైక్రోలీటర్లు తీసి ఫిల్మ్ వైపు వదిలితే చాలు. గ్రిడ్‌ని అంచు దగ్గరే పట్టుకోవాలి. లోపలికి పట్టుకుంటే చుక్క ట్వీజర్ల మధ్యలోకి ఎగబాకిపోతుంది, గ్రిడ్ వంగితే చదరం మారినప్పుడల్లా ఎత్తు మారుతుంది. ప్రోబ్ సానికేటర్ వద్దు. దాని టైటానియం కొన అరిగి సాంపిల్‌లో కలుస్తుంది, గట్టిగా అంటుకోని ప్లాటినం కణాలు ఊడిపోతాయి.

కాంటామినేషన్ (బీమ్ కింద పేరుకునే కార్బన్ మురికి) కనిపించగానే చాలామంది గ్రిడ్‌ని తిడతారు. చాలాసార్లు తప్పు గ్రిడ్‌ది కాదు. హైడ్రోజన్ తయారుచేసే రియాక్షన్ నుంచి తీసిన పౌడర్‌లో ట్రైఎథనాలమీన్ (ఆ రియాక్షన్‌లో ఎలక్ట్రాన్లు ఇవ్వడానికి కలిపే ద్రవం) మిగిలిపోతుంది. అది 335 డిగ్రీల సెల్సియస్ దగ్గర గానీ మరగదు, వ్యాక్యూమ్‌లో పెట్టినంత మాత్రాన పోదు. బీమ్ కాసేపు తిరిగిన చోట కార్బన్ పేరుకుంటుంది, మాగ్నిఫికేషన్ తగ్గించి చూస్తే స్కాన్ చేసినంత మేర తెల్లటి చతురస్రం కనబడుతుంది. నీళ్లతో మూడుసార్లు, ఎథనాల్‌తో రెండుసార్లు సెంట్రిఫ్యూజ్ చేసి కడిగితే ఈ బాధ చాలావరకు తగ్గుతుంది. మిగిలిన మురికికి ఆర్గాన్‌లో 25 శాతం ఆక్సిజన్ కలిపిన ప్లాస్మా (విద్యుత్తుతో అయాన్లుగా మార్చిన వాయువు) 10 సెకన్లు చాలు, ఎక్కువైతే ఫిల్మే కాలిపోతుంది. కార్బన్ నైట్రైడ్ అనే ఫోటోక్యాటలిస్టుకి ప్లాస్మా అసలు వద్దు, సాంపిల్‌నే తినేస్తుంది. ఇంకో ఫోటోక్యాటలిస్టు కాడ్మియం సల్ఫైడ్‌కి పెడితే దాని ఉపరితలం ఆక్సిడైజ్ అవుతుంది. ఈ రెండిటికీ రాత్రంతా వ్యాక్యూమ్‌లో 80 డిగ్రీల దగ్గర ఉంచడమే మేలు.

అసలు చిక్కంతా ఈడీఎస్‌లో ఉంది. ప్రతి మూలకం కె-ఆల్ఫా, ఎల్-ఆల్ఫా లాంటి పేర్లున్న ఎక్స్-రే గీతలు ఇస్తుంది, వాటి శక్తిని కేఈవీల్లో కొలుస్తారు. గ్రిడ్‌లోని కాపర్ కె-ఆల్ఫా 8.04 కేఈవీ దగ్గర, కె-బీటా 8.90 దగ్గర ఎప్పుడూ ఉంటాయి. ప్లాటినం ఎల్-ఆల్ఫా 9.44 కాబట్టి దానికి ఇబ్బంది లేదు. జింక్ కె-ఆల్ఫా మాత్రం 8.64, అందుకే జింక్ ఇండియం సల్ఫైడ్ లాంటి వాటిలో లెక్క చెడుతుంది. కాపర్ కో-క్యాటలిస్టు అయితే చెప్పనే అక్కర్లేదు. పోనీ మాలిబ్డినం గ్రిడ్ పెడదామంటే సల్ఫైడ్ ఉన్నచోట అది ఇంకా ఘోరం: మాలిబ్డినం ఎల్-ఆల్ఫా 2.29, సల్ఫర్ కె-ఆల్ఫా 2.31, డిటెక్టర్ వీటిని విడదీయలేదు. నికెల్ గ్రిడ్ కాపర్ సాంపిళ్లకి పనికొస్తుంది గానీ అది అయస్కాంత లోహం. యాంటీమాగ్నెటిక్ ట్వీజర్లు తప్పనిసరి, ఆస్టిగ్మాటిజం (బీమ్ గుండ్రంగా కాక ఒకవైపు సాగే లోపం) తరచూ సరిచేసుకోవాల్సి వస్తుంది. బంగారం గ్రిడ్‌తో ప్లాటినం మ్యాప్ వేయాలంటే ఎల్ గీతే వాడాలి, ఎమ్ గీతలు 2.12, 2.05 దగ్గర కలిసిపోతాయి.

కోబాల్ట్ కో-క్యాటలిస్టుతో మరీ జాగ్రత్త. మైక్రోస్కోప్ పోల్‌పీస్ (సాంపిల్ పక్కన ఉండే లెన్సు లోహపు భాగం) నుంచే ఇనుము, కోబాల్ట్ సిగ్నల్ వస్తుంది. పక్కనే ఖాళీ చిల్లు మీద అంతే సేపు స్పెక్ట్రం తీసి పోల్చనిదే కోబాల్ట్ శాతం రాయకూడదు.

గ్రిడ్ మీదే ఫోటోడిపాజిషన్ (కాంతితో లోహం పేర్చడం) చేసి, ముందూ తర్వాతా అదే కణాన్ని చూడాలనుకునేవాళ్లు కాపర్ జోలికి పోవద్దు. క్లోరోప్లాటినిక్ ఆమ్లంలో ముంచగానే కాపర్ కరుగుతూ ప్లాటినం అయాన్లకు ఎలక్ట్రాన్లు ఇచ్చేస్తుంది. దీపం వేయకుండానే గ్రిడ్ మీద ప్లాటినం పేరుకుంటుంది. సిల్వర్ నైట్రేట్‌లోనూ ఇంతే. అదే కణాన్ని మళ్లీ వెతుక్కోవడానికి గుర్తుగా అక్షరాలున్న బంగారం ఫైండర్ గ్రిడ్ తీసుకుని, ఇంకో గ్రిడ్‌ని చీకట్లో అదే ద్రావణంలో అంతే సేపు ఉంచి కంట్రోల్‌గా చూడాలి. హీటింగ్ హోల్డర్‌లోనూ కాపర్ వద్దు. కొన్ని వందల డిగ్రీలకే అది ఫిల్మ్ మీదకి పాకి నానోకణాలుగా చేరుతుంది, వాటిని కో-క్యాటలిస్టు కణాలనుకునే ప్రమాదం ఉంది.

కార్బన్ నైట్రైడ్‌కి ఈఈఎల్ఎస్ (సాంపిల్‌లో ఎలక్ట్రాన్లు కోల్పోయిన శక్తిని కొలిచే పద్ధతి) తీసేటప్పుడు చిల్లు మీద ఉన్న రేకులనే ఎంచుకోవాలి. ఫిల్మ్ మీద పడ్డ రేకులో 284 ఈవీ కార్బన్ ఎడ్జ్‌లో (ఆ మూలకం సిగ్నల్ మొదలయ్యే చోటు) ఫిల్మ్ వాటా ఎంతో తేలదు. 401 ఈవీ నైట్రోజన్ ఎడ్జ్‌కి ఆ బెడద లేదు. సిలికాన్ నైట్రైడ్ మెంబ్రేన్ వాడితే మాత్రం ఆ నైట్రోజన్ కూడా నమ్మడానికి ఉండదు.