ప్లాక్ పగులుతుందా? ఐవస్, ఓసీటీల్లో ఏది బాగా చెబుతుంది

గుండె రక్తనాళం గోడలో పేరుకున్న ప్లాక్ (కొవ్వు పూడిక) ఎంత పెద్దదన్నది ఒక ప్రశ్న, అది పగులుతుందా అన్నది ఇంకో ప్రశ్న. అసలు టెన్షన్ రెండోదానితోనే, పగిలితే రక్తం గడ్డకట్టి గుండెపోటు రావచ్చు. కొవ్వు గుజ్జును కప్పి ఉంచే పీచు పొర 65 మైక్రాన్లకన్నా (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు) పలచబడితే పగిలే ప్రమాదం ఎక్కువ. తల వెంట్రుక మందం కూడా ఇంచుమించు అంతే!

ఐవస్, ఓసీటీ రెండూ సన్నటి గొట్టాన్ని రక్తనాళంలోకి పంపి లోపలి నుంచి బొమ్మ తీసే పద్ధతులు. ఐవస్ ధ్వని తరంగాలతో చూస్తుంది. దాని స్పష్టత 100 మైక్రాన్లో, ఇంకాస్త ఎక్కువో. అంత పలచటి పొర దానికి చిక్కదు. కానీ నాళం గోడ లోతుల్లోకి చూస్తుంది కాబట్టి ప్లాక్ మొత్తాన్ని కొలుస్తుంది. అదేమీ చిన్న సంగతి కాదు. 697 మందితో చేసి 2011లో ప్రచురించిన ప్రాస్పెక్ట్ అధ్యయనంలో, రాబోయే ముప్పును సూచించిన లక్షణాల్లో ప్లాక్ భారం (నాళం అడ్డుకోతలో ప్లాక్ ఆక్రమించిన వాటా) 70 శాతమో, అంతకు మించో ఉండటం ఒకటి.

ఓసీటీ వాడేది కాంతిని. 10–20 మైక్రాన్ల తేడా కూడా పట్టేస్తుంది, పొరను నేరుగా కొలవొచ్చు. చిక్కల్లా రక్తం అడ్డురావడమే. కాంట్రాస్ట్ (ఎక్స్‌రేలో నాళాలు కనిపించేందుకు వాడే ద్రవం) ఎక్కించి రక్తాన్ని పక్కకు తోసి, ఆ కొద్ది సెకన్లలోనే బొమ్మ తీయాలి. కిడ్నీలు బాగాలేనివాళ్లకి అదో ఇబ్బంది. పైగా కాంతి వెళ్లే లోతు 1–2 మిల్లీమీటర్లే. కొవ్వు గుజ్జు వెనకంతా నీడ, అక్కడ ఏముందో కనిపించదు.

పొర సంగతి తేల్చాలంటే నా ఓటు ఓసీటీకే. మందులతో ప్లాక్ కరిగిందా అని చూసే పరిశోధనకైతే ఐవస్.