‘మమ్మా మియా!’ లండన్ నాటకం: పాట ఎక్కడ పడుతుందో చూడటమే అసలు సరదా

లండన్‌లో ఏం నాటకాలు చూశారని అడిగితే చాలామంది ముందు బరువైన పేర్లు చెప్పి, ‘మమ్మా మియా!’ పేరు చివర్లో గొంతు తగ్గించి చెబుతారు. మొహమాటం ఎందుకో అర్థం కాదు. కథ పలచన, మలుపులు ముందే తెలిసిపోతాయి, ముగింపు హడావిడిగా ఉంటుంది. ఇవన్నీ నిజమే. కానీ రెండున్నర గంటలసేపు హాలు నిండా జనాన్ని నవ్వించి, మధ్యలో ఒకసారి కళ్లు చెమర్చేలా చేసి, చివర్లో అందర్నీ లేచి నిలబడేలా చేయడం మామూలు పనితనం కాదు. ఆ పనితనం పాటల అమరికలో ఉంది.

స్వీడన్‌కు చెందిన అబ్బా పాప్ బృందం 1974 ఏప్రిల్ 6న ఇంగ్లండ్‌లోని బ్రైటన్‌లో యూరోవిజన్ పాటల పోటీ గెలిచింది. సరిగ్గా పాతికేళ్లకు, 1999 ఏప్రిల్ 6న, ఆ బృందం పాటలతో అల్లిన ఈ నాటకం లండన్ ప్రిన్స్ ఎడ్వర్డ్ థియేటర్‌లో మొదలైంది. పాటలు బెన్నీ ఆండర్సన్, బ్యోర్న్ ఉల్వేయస్‌లవి. నిర్మాత జూడీ క్రేమర్, రచన కేథరిన్ జాన్సన్, దర్శకత్వం ఫిలిడా లాయిడ్. ముగ్గురూ మహిళలే కావడం వల్లనేమో, కథలో నడివయసు స్నేహితురాళ్లు ముగ్గురికీ దక్కిన చోటు ఇలాంటి నాటకాల్లో అరుదు. 2004లో ప్రిన్స్ ఆఫ్ వేల్స్‌కు, 2012లో నోవెల్లో థియేటర్‌కు మారింది. న్యూయార్క్‌లో 2001 అక్టోబరులో, నగరం ఇంకా సెప్టెంబరు దాడుల షాక్‌లో ఉండగానే మొదలై, 2015 దాకా ఆడింది. అలాంటి రోజుల్లో జనం దీన్ని వెతుక్కుంటూ వెళ్లారంటే తేలిక నాటకానికీ ఒక అవసరం ఉందన్నమాట.

కథ రెండు ముక్కల్లో చెప్పొచ్చు. గ్రీకు దీవిలో చిన్న హోటల్ నడిపే డోనా కూతురు సోఫీకి పెళ్లి. తండ్రెవరో తెలియదు. తల్లి పాత డైరీ చదివి, తండ్రి అయ్యే అవకాశమున్న ముగ్గురికీ అమ్మ పేరు మీద శుభలేఖలు పంపిస్తుంది. ముగ్గురూ దిగుతారు.

ఈ కథలోకి ఎప్పుడో వేరే సందర్భాల్లో రాసిన 22 పాటల్ని, సాహిత్యం దాదాపు ముట్టుకోకుండా కూర్చారు. సరదా అంతా అక్కడే. పాత్రలు మామూలుగా మాట్లాడుకుంటూ ఉంటారు. ఒక మాట దగ్గర వాద్యాల్లో చిన్న కదలిక వస్తుంది. ఏ పాట రాబోతోందో మనకు తట్టిన క్షణంలో, ఆ పాట మొదటి పంక్తిని పాత్ర నిజంగానే అడగాల్సిన ప్రశ్నలా అనేస్తుంది. ‘చికిటీటా’ దీనికి మంచి ఉదాహరణ. పాత ప్రియుల్ని ఒక్కసారిగా చూసి బెంబేలెత్తిన డోనా గదిలోకి పారిపోతుంది. స్నేహితురాళ్లు టాన్యా, రోజీ ఆమెను ఊరడించడానికి వచ్చి, ‘ఏమైందే?’ అని అడిగే తీరులోనే పాట ఎత్తుకుంటారు. ఆ మొదటి పంక్తికే హాలంతా నవ్వుతుంది. అక్కడ నటులు నవ్వు కోసం నటిస్తే పాడైపోతుంది. ముఖం నిజమైన దిగులుతో ఉండాలి. మంచి రోజీ ఈ తేడా పట్టుకుంటుంది. మొదటి లండన్ ప్రదర్శనలో ఆ పాత్ర వేసిన జెన్నీ గాలోవేకు సహాయ పాత్రకు బ్రిటన్ నాటకరంగంలో పెద్దదైన ఒలీవియే పురస్కారం ఊరికే రాలేదు. వెంటనే ‘డ్యాన్సింగ్ క్వీన్’ వస్తుంది. చేతికందిన వస్తువును మైకు చేసుకుని మంచం మీద ముగ్గురూ చిన్నపిల్లలైపోతారు.

అందుకే టికెట్‌తో పాటు చిన్న హోంవర్కు తప్పనిసరి. అబ్బా పాటలు అసలు వినని వాళ్లకు నాటకంలో సగం హాస్యం అందదు, ఎందుకంటే నవ్వు పుట్టేది పాట గుర్తుపట్టడంలో. కనీసం ‘మమ్మా మియా’, ‘చికిటీటా’, ‘డ్యాన్సింగ్ క్వీన్’, ‘టేక్ ఎ చాన్స్ ఆన్ మీ’, ‘ఎస్ఓఎస్’, ‘ది విన్నర్ టేక్స్ ఇట్ ఆల్’ ముందే రెండు మూడు సార్లు విని వెళ్లండి. పల్లవులే కాదు, ఎత్తుగడలు కూడా చెవిలో ఉండాలి. సాహిత్యం ఒకసారి చదివితే ఇంకా మంచిది. బ్రిటిష్ యాసలో వేగంగా సాగే సంభాషణల్లో ఒకటి రెండు ముక్కలు జారిపోయినా, పాట అర్థం తెలిస్తే దారి తప్పరు.

నృత్యాల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ‘లే ఆల్ యువర్ లవ్ ఆన్ మీ’. సోఫీ, స్కై ఒకరినొకరు విడవలేక పాడుకుంటుంటే, వరుణ్ణి లాక్కుపోవడానికి స్నేహితులు ఈతగాళ్ల వేషంలో వస్తారు. కాళ్లకు పొడవాటి రబ్బరు ఫ్లిప్పర్లు. వాటితో అడుగు ముందుకు వేయాలంటే మోకాలు నడుము దాకా లేపాలి, లేకపోతే కొన తగిలి బోర్లా పడతారు. ఆంథనీ వాన్ లాస్ట్ నృత్యమంతా ఆ ఇబ్బంది చుట్టూనే కట్టాడు. వరసగా నిలబడి అందరూ ఒకేసారి పాదం మోపినప్పుడు చెక్క మీద టపటపమని వచ్చే చప్పుడు తాళంలో కలిసిపోతుంది. ఒక్కరు వెనకబడినా ఆ చప్పుడు చీలిపోయి ఇట్టే తెలిసిపోతుంది. చూడటానికి అల్లరి, చేయడానికి కఠోర సాధన.

నాటకం బరువంతా మోసేది ‘ది విన్నర్ టేక్స్ ఇట్ ఆల్’. పెళ్లికి ముందు డోనా, ఆ ముగ్గురు పాత ప్రియుల్లో ఒకడైన శామ్‌కు ఎదురుగా నిలబడి పాడుతుంది. ఇక్కడ డోనా పాత్రధారి సత్తా బయటపడుతుంది. ఆ పాటలో బాణీ ఒకే ముక్కను మళ్లీ మళ్లీ తిప్పుతుంది. మార్పంతా గొంతులోనే రావాలి. మొదటి చరణాన్ని దాదాపు మాట్లాడుతున్నట్టు పాడి, కోపాన్ని దాచుకుంటూ వెళ్లి, చివరి పల్లవిలో విడిచిపెట్టాలి. రెండో చరణానికే గొంతు పూర్తిగా తెరిచేసే నటులుంటారు. చప్పట్లు వస్తాయి కానీ, చివరికి వచ్చేసరికి పైకి ఎక్కడానికి మెట్లు మిగలవు. దీనికి ముందు, కూతుర్ని ముస్తాబు చేస్తూ పాడే ‘స్లిప్పింగ్ త్రూ మై ఫింగర్స్’ ఇంకా నెమ్మది. ఆడపిల్లను అత్తారింటికి పంపిన తల్లుల పక్కన కూర్చుంటే రుమాలు దగ్గర పెట్టుకోండి.

అతకని పాటలూ ఉన్నాయి. శామ్ తన విఫల వివాహం గురించి చెబుతూ పాడే ‘నోయింగ్ మీ, నోయింగ్ యూ’ బాగా లాగిపట్టి పెట్టినట్టుంటుంది. రెండో అంకం ‘అండర్ అటాక్’ అనే పీడకలతో తెరుచుకుంటుంది. విరామం తర్వాత జనాన్ని మళ్లీ కథలోకి లాగాల్సిన చోట అది ఆర్భాటంగా మిగిలిపోతుంది. ఆఖర్లో పెళ్లికూతురు మారిపోయే మలుపు మరీ తొందర. పదేళ్లకు సరిపడే నిర్ణయాలు పది నిమిషాల్లో తీసేసుకుంటారు. తండ్రెవరన్న ప్రశ్నకు మాత్రం జవాబు చెప్పకుండా వదిలేయడం సరైన నిర్ణయం.

2008 సినిమా చూసినవాళ్లకు కథ తెలిసిందే, దర్శకురాలూ ఫిలిడా లాయిడే. అయినా సినిమాలో లేని పాటలు రంగస్థలం మీద వింటారు. డోనా ఒంటరిగా పాడే ‘వన్ ఆఫ్ అస్’ వాటిలో ఒకటి. సముద్రం, కొండలు చూపిస్తారని ఆశ పెట్టుకోవద్దు. మార్క్ థాంప్సన్ రంగాలంకరణ అంతా వంపు తిరిగిన రెండు తెల్లటి గోడలు. అటు తిప్పితే హోటల్ ముంగిలి, ఇటు తిప్పితే పడకగది. వాద్యబృందం చిన్నదే, కీబోర్డుల పాలు ఎక్కువ. కోరస్ నిండుగా వినబడటానికి కారణం వేరు: వేదిక మీద లేని నటులు తెర వెనక మైకు గదుల్లో నిలబడి పాడుతుంటారు. అబ్బా రికార్డుల్లో పొరలు పొరలుగా ఉండే గొంతుల్ని వేదిక మీదికి తేవాలంటే వేరే దారి లేదు.

ఇక సీట్లు. నోవెల్లో 1905లో తెరిచిన థియేటర్, నాలుగు అంతస్తులు. కింద స్టాల్స్, ఆపైన డ్రెస్ సర్కిల్, గ్రాండ్ సర్కిల్, అన్నిటికన్నా పైన బాల్కనీ. డబ్బు పెట్టగలిగితే డ్రెస్ సర్కిల్ మధ్య వరసలు తీసుకోండి; నృత్యాల వరసలు పైనుంచే బాగా కనబడతాయి. స్టాల్స్ వెనక వరసల మీదికి పై అంతస్తు చూరులా వస్తుంది. అలంకరణ ఎత్తయినది కాదు కాబట్టి ఇక్కడ పెద్ద నష్టం లేదు, ధర తగ్గితే కొనొచ్చు. మరీ పక్క సీట్లు మాత్రం వద్దు. ఆ వంపు గోడల లోపల జరిగే పడకగది సన్నివేశాల్లో సగం కనబడదు. బాల్కనీ చవకే కానీ మెట్లు చాలా, వాలు నిటారు, కాళ్లు పెట్టుకునే చోటు తక్కువ. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లతో వెళ్తే కింది అంతస్తే క్షేమం.

పిల్లల్ని తీసుకెళ్లొచ్చు. పడకగది జోకులు ఉన్నా పైపైనే పోతాయి. టాన్యా కుర్రాళ్లను ఆటపట్టించే పాట కొందరికి ఇబ్బందిగా అనిపించొచ్చు. విరామంతో కలిపి రెండు గంటల ముప్పయ్యైదు నిమిషాలు. విరామంలో ఆడవాళ్ల వరస పొడవుగా ఉంటుంది, లైట్లు వెలగ్గానే కదలండి. నాటకం మధ్యలో గొంతు కలపడం కూడదు. పక్కవాళ్లు డబ్బు పెట్టింది వేదిక మీది గొంతుల కోసం.

కథ ముగిసి నటులు నమస్కారం పెట్టగానే కోటు తొడుక్కుని బయల్దేరే వాళ్లు ప్రతి ప్రదర్శనలోనూ కనబడతారు. వాళ్లు పోగొట్టుకునేది చాలా ఎక్కువ. మన పద్యనాటకాల్లో జనం అరిచి సాధించుకునే వన్స్‌మోర్‌ను ఇక్కడ ముందే రాసిపెట్టారు. మెరిసే బిగుతు దుస్తుల్లో ‘మమ్మా మియా’, ‘డ్యాన్సింగ్ క్వీన్’ మళ్లీ వస్తాయి, వాటి వెనకే కథలో ఎక్కడా చోటు దొరకని ‘వాటర్లూ’ వస్తుంది. పాడటానికి, ఆడటానికి అప్పుడు అందరికీ అనుమతే. పై అంతస్తుల్లో ముందు వరసవాళ్లు లేస్తే వెనకవాళ్లకు ఏమీ కనబడదు కాబట్టి, మీరూ లేవండి.