వారానికి రెండుసార్లు ఒక జెల్: రెండున్నరేళ్ల వాడకం తర్వాత

యోని పొడిదనానికి, రాత్రుల కోసమని కొన్న జెల్ ఇది. నా ప్రాణం లేచొచ్చింది మాత్రం పగటిపూట, బడిలో, ఒక చెక్క కుర్చీలో.

నాకు 52 ఏళ్లు. రొమ్ము క్యాన్సర్‌కి ఆపరేషన్ అయి నాలుగేళ్లు దాటింది. రోజూ లెట్రోజోల్ మాత్ర వేసుకుంటున్నాను. ఒంట్లో మిగిలిన కాస్త ఈస్ట్రోజన్ హార్మోన్‌ని కూడా ఆ మాత్ర తగ్గించేస్తుంది. అందుకే ముట్లుడిగాక చాలామందికి వచ్చే యోని పొడిదనం నాకు మరీ ఎక్కువగా వచ్చింది. హార్మోన్ క్రీమ్ సంగతి అడిగితే మా క్యాన్సర్ డాక్టర్ గారు "ముందు అది లేకుండా చూద్దామమ్మా" అన్నారు. అలా తడిని పట్టి ఉంచే హయలురోనిక్ ఆమ్లం ఉన్న, వాసన లేని మాయిశ్చరైజర్ జెల్ మొదలుపెట్టాను. బుధవారం, శనివారం పడుకునే ముందు అప్లికేటర్‌తో పెట్టుకుంటాను. మధ్యలో ఒకసారి కంపెనీ మార్చాను, పెద్ద తేడా కనిపించలేదు.

కాకినాడ నుంచి సామర్లకోటలోని మా బడికి స్కూటీ మీద వెళ్తాను. అప్పట్లో బండి దిగేసరికి లోదుస్తుల కుట్టు తగిలినచోటల్లా కందిపోయి ఉండేది. క్లాసులో కూర్చుంటే ఒకసారి ఈ పక్కకి, ఒకసారి ఆ పక్కకి జరగడమే సరిపోయేది. మంచినీళ్లు తాగితే బాత్రూంకి వెళ్లాలి, వెళ్తే మంట. అందుకని మధ్యాహ్నం దాకా సీసా మూత తీసేదాన్ని కాదు. జెల్ మొదలుపెట్టిన అయిదో వారంలో, తొమ్మిదో తరగతికి స్లిప్ టెస్ట్ పెట్టి కూర్చున్నాను. గంట కొట్టాక పేపర్లు తీసుకుందామని లేస్తే అప్పుడు తట్టింది, పీరియడ్ మొత్తం కదలకుండా కూర్చున్నానని. బల్ల మీద సీసాలో నీళ్లు సగానికి వచ్చేశాయి. కళ్లలో నీళ్లు తిరిగాయి నాకు.

ఆ రోజే మా అక్కకి ఫోన్ చేసి "అక్కా, ఇది మందులా పనిచేస్తోంది" అన్నాను. ఇప్పుడైతే అంత మాట అనను. పలచబడిన లోపలి పొరని ఇది మళ్లీ మందంగా చెయ్యదు, ఉన్న పొరలో తడిని పట్టి ఉంచుతుందంతే. మొదటి మూడు వారాలు నాకేమీ తెలియలేదు. వరసగా రెండుసార్లు మానేస్తే కుర్చీ బాధ మళ్లీ మొదలు. పెట్టుకున్న మర్నాడు పొద్దున కొంత బయటికి వచ్చేస్తుంది కాబట్టి ప్యాంటీ లైనర్ తప్పదు.

ఇక రాత్రి సంగతి. మాయిశ్చరైజర్ వాడుతున్నాను కదా, అది చాలనుకున్నాను. చాలదు. కలయిక సమయానికి రాపిడి లేకుండా జారేలా చేసే లూబ్రికెంట్ వేరే కావాలి. ఆ తేడా తెలిశాక నీళ్ల ఆధారంగా చేసినది ఒకటి వాడాం, బాగానే ఉండేది. ఒకసారి వైజాగ్‌లో పెళ్లికి వెళ్లినప్పుడు దాన్ని ఇంట్లో మర్చిపోయాం. మావారు బయటికెళ్లి దొరికింది తెచ్చారు. డబ్బా మీద "వెచ్చదనం ఇస్తుంది" అని ఉంది. రాసుకున్న నిమిషానికి మిరపకాయ తగిలినట్టు మంట. "ఏమండీ, ఆపండి" అని బాత్రూంలోకి పరిగెత్తి మగ్గు తర్వాత మగ్గు చన్నీళ్లు పోసుకున్నాను. ఆయన తలుపు దగ్గర నిలబడి, కళ్లజోడు పెట్టుకుని డబ్బా వెనక సన్నటి అక్షరాలు పైకి చదివారు: గ్లిజరిన్, ప్రొపిలీన్ గ్లైకాల్, మెంథాల్, సెంటు. "ముందే చూసుండాల్సింది" అని ఆయన, "మీ తప్పేముంది" అని నేను. ఆ రాత్రి ఇద్దరికీ నిద్ర లేదు.

పొద్దున లేత ఎరుపు చుక్క కనిపించింది. ముట్లు ఆగిన ఏడాది తర్వాత ఒక్క చుక్క కనిపించినా చూపించుకోవాలని నాకు ముందే చెప్పి ఉన్నారు. పెళ్లి భోజనాలు కూడా చెయ్యకుండా వచ్చేశాం. మా గైనకాలజిస్ట్ పరీక్ష చేసి, స్కాన్ కూడా తీయించారు. గర్భసంచి లోపలి పొర 3 మిల్లీమీటర్లే ఉంది, భయం లేదన్నారు. ఆ జెల్ ఎందుకు మండిందో ఆవిడ చెప్పిన తీరు నేను మర్చిపోలేను. "మాగాయకి ముక్కల్లో ఉప్పు కలిపితే ఊట దిగుతుంది కదమ్మా, ఎక్కువ గ్లిజరిన్ ఉన్న జెల్ కూడా లోపలి పొరలోంచి అలాగే నీళ్లు లాగేస్తుంది. పైగా అందులో మెంథాల్, సెంటు." దీన్ని కొలిచే లెక్కని ఆస్మోలాలిటీ అంటారట. లూబ్రికెంట్లలో అది 380 లోపు ఉంటే మేలని, 1200 మాత్రం దాటకూడదని 2012లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. నేను చూసిన ఏ డబ్బా మీదా ఆ అంకె లేదు. అందుకే ఇప్పుడు కొనేముందు డబ్బా వెనక వైపు చదువుతాను. గ్లిజరిన్ మొదటి రెండు మూడు పేర్లలో ఉంటే కొనను.

ప్రస్తుతం సిలికాన్ రకం వాడుతున్నాం. మధ్యలో ఎండిపోదు, మంట లేదు. కాకపోతే దుప్పటికి మరక పడుతుంది, బాత్రూం నేల మీద పడితే కాలు జారుతుంది. మా అక్క కొబ్బరినూనెతోనే సరిపెట్టుకుంటోంది, ఆవిడకి హాయిగానే ఉంది. కండోమ్ వాడేవాళ్లకి మాత్రం నూనె పనికిరాదు, లాటెక్స్ పాడైపోతుంది. జెల్‌తో పాటు నాకు బాగా కలిసొచ్చింది సబ్బు మానెయ్యడం. అక్కడికి ఇప్పుడు మామూలు నీళ్లే.

నాకున్న జబ్బు లేనివాళ్లకి ఇది మొదటి దారి కావాలని నేను అనను. తక్కువ మోతాదు ఈస్ట్రోజన్ క్రీమ్ వాళ్లకి ఇంకా బాగా పనిచేయొచ్చు, డాక్టర్‌ని మొహమాటం లేకుండా అడగండి. వచ్చే జూన్‌కి నా మాత్రలు అయిదేళ్లవుతాయి. ఆపమంటే ఈ జెల్ అవసరం ఎంత తగ్గుతుందో చూడాలి. అప్పటిదాకా బుధవారం, శనివారం తప్పనివ్వను.