సత్యనారాయణపురంలో అద్దె ఇల్లు: ఏడేళ్ళు ఉన్నాక చెబుతున్న మాట

2018 శ్రావణంలో పాలు పొంగించి ఈ ఇంట్లో దిగాం. విజయవాడ సత్యనారాయణపురంలో మూడంతస్తుల పాత అపార్ట్‌మెంట్, మాది పై అంతస్తు. రెండు బెడ్‌రూములు, లిఫ్టు లేదు. అప్పుడు అద్దె 9,000. ఇప్పుడు 12,000. కరోనా వచ్చిన 2020లో తప్ప ఏటా 500 చొప్పున పెరిగింది. పక్క సందులో ఇంతే ఇంటికి మొన్న 16,000 చెప్పారు. అందుకే తెలిసినవాళ్ళు "ఎలా పట్టారండీ?" అని అడుగుతుంటారు.

ముందు ఒకసారి దెబ్బ తిన్నాం కాబట్టి పట్టాం. 2016 మొదట్లో బెంజి సర్కిల్ దగ్గర 8,500కి దిగాం. అదే ఏడాది సచివాలయ ఉద్యోగులు హైదరాబాద్ నుంచి వచ్చేశారు. ఊళ్ళో టు-లెట్ బోర్డు కనబడితే అరగంటలో ఇల్లు అయిపోయేది. పదకొండు నెలలు నిండగానే ఓనరు తరఫున వాళ్ళ బావమరిది ఫోన్ చేసి "వచ్చే నెల నుంచి పన్నెండు వేలండీ, కుదరకపోతే చెప్పండి" అన్నాడు. అగ్రిమెంటులో పది శాతం అని ఉంది కదా అంటే, "ఆ కాగితం గడువు అయిపోయింది కదండీ" అన్నాడు. మాట నిజమే. ఏడాది దాటితేనే రిజిస్ట్రేషన్ అని జనం లెక్క. ఆ తలనొప్పి లేకుండా అందరూ పదకొండు నెలలకే రాసుకుంటారు. పన్నెండో నెలలో ఆ పది శాతాన్ని పట్టించుకునేవాడు ఉండడు. ఖాళీ చేసేటప్పుడు రంగులకని ఒక నెల అద్దె అడ్వాన్సులోంచి కోసుకున్నారు. మేం ఒక్క మేకు కూడా కొట్టలేదు.

కొన్నాళ్ళు చుట్టాలింట్లో సర్దుకుని, ఈసారి నింపాదిగా వెతికాం. ఆషాఢంలో తిరిగాం. ఆ నెలలో ఇల్లు మారేవాళ్ళు తక్కువ. ఖాళీ ఇంటికి కరెంటు బిల్లు కట్టుకుంటూ ఓనర్లు కాస్త మెత్తబడి ఉంటారు. టోకెన్‌గా వెయ్యి ఇచ్చి మాట తీసుకుని, మంచి రోజు చూసి శ్రావణంలో దిగితే సరిపోతుంది. ఇంకో పని కూడా చేశాం. దీనికి మాత్రం నూటికి నూరు మార్కులు వేస్తాను: ఇల్లు నచ్చితే ముందు ఆ సందు చివర ఇస్త్రీ బండి దగ్గరికి వెళ్ళేవాళ్ళం. ఏ ఇంట్లో ఎవరు ఎన్నాళ్ళున్నారో ఆయనకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. ఒక మంచి ఇల్లు చూపిస్తే, "అందులో ఎవరూ రెండేళ్ళు ఉండరండీ, ఏటా సామాన్ల ఆటో వస్తుంది" అన్నాడు. ఈ ఇంటి గురించి అడిగితే, "మాస్టారిదా? ఇంతకుముందు వాళ్ళు పిల్ల పెళ్ళి కూడా ఇక్కడే చేశారు" అన్నాడు. మాకు అది చాలు. అంతకుముందు చూసిన నాలుగిళ్ళలో "మాంసం తింటారా?" అనేదే మొదటి ప్రశ్న. ఈ ఇంటి ఓనరు మాస్టారు అడిగింది ఒక్కటే: "ఎన్నాళ్ళుంటారు?"

ఇక ప్రయాణం. మా ఆవిడ ఎనికేపాడు దగ్గర స్కూల్లో టీచరు. ఇంటి నుంచి ఏలూరు రోడ్డు మీద సీతారాంపురం సిగ్నల్‌కు ఏడు నిమిషాల నడక. గన్నవరం వైపు వెళ్ళే బస్సు ఏది దొరికితే అది. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద ఆడవాళ్ళకు ఆర్టీసీ మామూలు బస్సుల్లో టికెట్ డబ్బులు లేవు కాబట్టి ఆవిడకు ఆధార్ కార్డు చూపిస్తే జీరో టికెట్. కాకపోతే పొద్దున ఎనిమిదింటికి కాలు పెట్టే చోటుండదు. నేను పనిచేసేది గుంటూరు బ్రాడీపేటలో. స్టేషన్‌కు ఇరవై నిమిషాలు నడక, ఎండాకాలమైతే షేర్ ఆటో. సీజన్ టికెట్ తీసుకున్నాను. కృష్ణా వంతెన దాటి మంగళగిరి మీదుగా గుంటూరు, అక్కడి నుంచి మళ్ళీ నడక. బండి టైముకు వస్తే ఇంతకంటే హాయి లేదు. సాయంత్రం తిరుగు బండి నది ఇవతల సిగ్నల్ దగ్గర ఆగిపోయిందంటే, కిటికీలోంచి అమ్మవారి కొండ మీది దీపాలు చూస్తూ కూర్చోవడమే. ఊరు కళ్ళముందే ఉంటుంది, దిగడానికి లేదు.

ఊరి శివార్లలోని పోరంకిలో 1,500 తక్కువకే కొత్త ఇల్లు వచ్చేది. లిఫ్టు, కార్ పార్కింగ్ అన్నీ ఉన్నాయి. లెక్కేసుకుంటే నాకింకో బండి కొనాలి, స్టేషన్ దాకా రోజూ పెట్రోలు, పార్కింగ్ డబ్బులు. మిగిలేది ఏమీ కనబడలేదు.

లోపాలు చెప్పకపోతే మోసం చేసినట్టే. మేలో మా శ్లాబు అర్ధరాత్రి దాకా పొయ్యి మీది పెనంలా ఉంటుంది. కృష్ణా నీళ్ళు పొద్దున గంటసేపు, మిగతాదంతా బోరు. ఆ నీటికి గీజరు రెండుసార్లు పాడైంది. దోమల సంగతి బెజవాడలో ఉన్నవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. అసలు మెలిక మెయింటెనెన్స్‌లో ఉంది. దిగినప్పుడు 600 ఉండేది, ఇప్పుడు 1,500. వాచ్‌మన్ జీతం, మోటారు కరెంటు అంటూ అది అసోసియేషన్ తేల్చే లెక్క, మాస్టారి చేతిలో లేదు. అద్దె ఒక్కటే చూసి మురిసిపోతే ఇక్కడ దొరికిపోతాం. ఇల్లు చూసేటప్పుడే మూడేళ్ళ కిందట మెయింటెనెన్స్ ఎంత ఉండేదో అడగండి.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగింది. అద్దె తక్కువని మా ఆఫీసు కుర్రాడు అక్కడ కింది పోర్షన్ తీసుకున్నాడు. ఫ్రిజ్, మంచాలు, పిల్లల సర్టిఫికెట్లు అన్నీ నీళ్ళపాలయ్యాయి. ఆ తర్వాత ముంపు లేని పేటలకు గిరాకీ పెరిగింది. ఎవరో మాస్టారి దగ్గరికొచ్చి మా ఇంటికి మూడు వేలు ఎక్కువ ఇస్తామన్నారట. ఆ సంగతి ఆయనే చెప్పారు, కళ్ళజోడు తుడుచుకుంటూ. నాకు గుండె జారింది. అద్దె పెంపు రాసుకునే డైరీ తీసి, పాత తారీఖు కింద కొత్తది రాస్తూ, "నీకు అయిదొందలే బాబూ. కొత్తవాడికిస్తే సున్నం నేనే కొట్టించుకోవాలి, కుళాయి లీకైతే నేనే మెట్లెక్కాలి" అన్నారు. అది దయ అని నేననుకోను. ఏడేళ్ళలో ఫ్యూజులు, కుళాయి వాషర్లు నేనే వేయించాను, ఒకటో తారీఖు దాటనివ్వలేదు. ఇద్దరికీ గిట్టుబాటు.

ఈమధ్య బ్రోకర్లు రెండు మాటలు పట్టుకున్నారు: "బస్సు ఫ్రీ కదండీ", "మెట్రో వస్తోందండీ". మొదటిది నిజం, అయినా అది ఓనరు ఇస్తున్నది కాదు. రెండోది ఏలూరు రోడ్డు, బందరు రోడ్డుల మీద కాగితాల్లో ఉన్న మెట్రో. అది వచ్చాక అద్దె పెంచుకోమనండి.

మా కిందే రెండో అంతస్తులో ఒక ఫ్లాట్ ఖాళీ అయింది. ఓనరు వేరే ఆయన. స్నేహితుడొకడు తీసుకోమంటావా అని అడిగాడు. సందు చివర ఇస్త్రీ బండి పొద్దున తొమ్మిదింటికి తెరుస్తారు, ముందు అక్కడికి వెళ్ళమన్నాను.