ద బ్లూ అలయన్స్: మొదటి పిక్‌కి సరే, రెండో పిక్ సంగతేంటి?

అమెరికాలో ఎఫ్‌ఆర్‌సీ (హైస్కూలు పిల్లల రోబో పోటీ) రోబోటిక్స్‌లో మన తెలుగు పిల్లలు చాలామందే ఉన్నారు కదా, వాళ్ల తల్లిదండ్రులకు పనికొస్తుందని రాస్తున్నా. ద బ్లూ అలయన్స్ వాలంటీర్లు నడిపే ఉచిత సైట్, యాప్ కూడా ఉంది. స్కోర్లు, ర్యాంకులు, మ్యాచ్ వీడియోలు అన్నీ ఒక్కచోటే దొరుకుతాయి. అలయన్స్ సెలక్షన్‌కి (ప్లేఆఫ్స్ కోసం కెప్టెన్ టీము తనతో ఆడే మరో రెండు టీముల్ని ఎంచుకోవడం, ఆ ఒక్కో ఎంపికే పిక్) మాత్రం దీన్ని సగం వరకే నమ్ముతాను.

ఎందుకంటే ర్యాంకుల్లో పైనున్న ఎనిమిది టీములు కెప్టెన్లవుతాయి, మొదటి రౌండు ఒకటి నుంచి ఎనిమిది దాకా నడిచి రెండో రౌండు ఎనిమిది నుంచి వెనక్కి వస్తుంది, కాబట్టి ఒకటో కెప్టెన్‌కి తొలి పిక్‌లో మంచి రోబో దొరికినా రెండో పిక్ మాత్రం అందరూ ఏరుకోగా మిగిలినవాటిలోంచే. తొలి పిక్‌కి సైట్‌లోని ఓపీఆర్ అనే అంకె (అదేంటో కింద చెప్తా) చాలావరకు సరిపోతుంది. అసలు తలనొప్పి రెండోదే.

మూడు రోబోలు కలిసి తెచ్చిన స్కోర్లలోంచి ఒక్కోదాని వాటా ఎంతో లెక్కగట్టేదే ఓపీఆర్. డిస్ట్రిక్ట్ ఈవెంట్‌లో (స్థానిక పోటీలో) టీముకి ర్యాంకులు తేల్చే క్వాలిఫికేషన్ మ్యాచ్‌లు 12 మాత్రమే, అందులో తొలిరోజు అంకెలు చూసి టెన్షన్ పడటం దండగ. పైగా 2025 ఆట రీఫ్‌స్కేప్‌లో ఎల్4 (అన్నిటికన్నా పైమెట్టు) మీద కోరల్ (పైపు ముక్క) పెట్టేదీ, చివర్లో డీప్ కేజ్ (వేలాడే బోను) ఎక్కి 12 పాయింట్లు తెచ్చేదీ ఆ ఒక్క అంకెలో ఒకేలా కనిపించొచ్చు (విడివిడిగా కావాలంటే స్టాట్‌బోటిక్స్ అనే మరో సైట్‌లో ఈపీఏ అనే అంకె చూడండి, రోబో తనంతట తాను ఆడే ఆటో, డ్రైవర్ నడిపే టెలీఆప్, చివర్లోని ఎండ్‌గేమ్ వేరువేరుగా ఇస్తుంది). ఇక ఎదుటివాళ్లకి అడ్డంపడి వాళ్ల స్కోరు తగ్గించే డిఫెన్స్ రోబో ఓపీఆర్‌లో అడుగున పడి ఉంటుంది, రెండో పిక్‌కి చాలాసార్లు కావాల్సింది అదే! దాన్ని పట్టుకోవాలంటే స్టాండ్స్‌లో ఆరుగురు పిల్లలు తలా ఒక రోబోని చూస్తూ రాసుకోవాల్సిందే. వీడియోలు మాత్రం సూపర్, ఆపి ఆపి చూస్తే ఇంటేక్‌లో (రోబో వస్తువును లోపలికి లాక్కునే భాగంలో) ఆట వస్తువు ఎక్కడ ఇరుక్కుంటోందో, డ్రైవర్ ఎక్కడ తడబడుతున్నాడో తెలిసిపోతుంది.

మీరు పిలిస్తే ఎవరొస్తారో, ఎవరు కాదంటారో ఏ సైటూ చెప్పదు. కాదన్న టీమును ఇంకెవరూ పిలవడానికి లేదు, తనే కెప్టెన్ అయితే తప్ప ఇంటికే. అందుకే ముందే పిట్స్‌కి (టీములు రోబోలను బాగుచేసుకునే చోటికి) వెళ్లి మాట్లాడుకోవాలి.

నా రేటింగ్ 5కి 4. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, ఈవెంట్‌లో టీములు సొంత వైఫై హాట్‌స్పాట్ పెట్టకూడదు, హాల్లో సిగ్నల్ నమ్మలేం. పిక్ లిస్టు ముందురోజు రాత్రే ప్రింట్ తీసి పెట్టుకోమనండి.