మసికా వానల్లో జాంజిబార్: ఒక వేసవి ప్యాకేజీపై సమీక్ష

తెలంగాణ బడులకు 2025లో ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 వరకు వేసవి సెలవులు ఇచ్చారు. బడికి వెళ్లే పిల్లలున్న మాలాంటి కుటుంబాలకు దూర ప్రయాణం చేయడానికి ఏడాది మొత్తంలో దొరికే వ్యవధి అదే. అందుకని హైదరాబాదులోని ఒక ట్రావెల్ సంస్థ ‘వేసవి సముద్రతీర విహారం’ పేరుతో ప్రకటించిన జాంజిబార్ (తూర్పు ఆఫ్రికా తీరాన టాంజానియాకు చెందిన ద్వీపం) ప్యాకేజీని ఏప్రిల్ చివరి వారానికి తీసుకుని, నేను, మావారు, పదకొండేళ్ల మా అమ్మాయి, మా అత్తయ్య గారు వెళ్లి వచ్చాము. మనిషికి 1,18,000 రూపాయలు తీసుకున్నారు. విమాన టికెట్లు, ఆరు రాత్రుల బస, ఉదయపు ఫలహారం, నాలుగు విహారాలు అందులో కలిసే ఉన్నాయి. డబ్బు కట్టేసిన తరువాత ఒకనాటి సాయంత్రం మా అమ్మాయి వాతావరణం వివరాలు చూసి చెప్పేవరకు, మేము ఎంచుకున్న నెల ఆ ద్వీపంలో ఏడాదికంతటికీ ఎక్కువ వాన కురిసే నెల అని మాకు తెలియదు. సంస్థ వారి కరపత్రంలో వాన అన్న మాటే లేదు.

అక్కడివారు మార్చి నుంచి మే వరకు కురిసే పెద్ద వానలను మసికా అంటారు. ఏడాది చివర కొద్ది వారాలు పడే చిన్న వానలు వులి. డిసెంబరు నుంచి ఈశాన్యం వైపు నుంచి వీచే కస్కజి గాలి మార్చిలో సద్దుమణిగి, ఆగ్నేయం నుంచి కుసి గాలి మొదలయ్యే సంధికాలంలో ఈ పెద్ద వానలు పడతాయి. వెనుకటి రోజుల్లో కచ్ఛ్ తీరపు వర్తకులు కస్కజితో తెరచాప ఎత్తి జాంజిబార్ చేరి, కుసి పుట్టాక దానితోనే ఇల్లు చేరేవారు. దక్షిణం నుంచి వచ్చే ఆ గాలులే తూర్పు ఆఫ్రికా తీరం వద్ద భూమధ్యరేఖ దాటి దిశ మార్చుకుని, జూన్ 1 ప్రాంతంలో కేరళను తాకి, ఆపైన మన హైదరాబాదుకు నైరుతి వానలను తెస్తాయి. ఇది తెలిసిన తరువాత ఆ వానను శత్రువుగా చూడడం నా వల్ల కాలేదు. నా ఫిర్యాదు అంతా, జూలైకి పనికివచ్చే ప్రయాణ ప్రణాళికను ఒక్క మార్పు కూడా లేకుండా ఏప్రిల్‌లో అమ్మిన తీరు మీదనే.

ప్రయాణానికి ముందు సంస్థ చేసిన పనుల్లో మంచి, చెడు రెండూ ఉన్నాయి. ఎల్లో ఫీవర్ ముప్పున్న దేశమైన ఇథియోపియాలోని అడిస్ అబాబాలో మేము విమానం మారవలసి ఉన్నందున ఆ టీకా సంగతి వారు నెల ముందే గుర్తు చేశారు. టీకా పత్రం, టీకా వేయించుకున్న 10 రోజుల తరువాత గానీ చెల్లదు కాబట్టి ఆ హెచ్చరిక నిజంగా మేలు చేసింది, మేము నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో టీకా వేయించుకున్నాము. కానీ 2024 అక్టోబరు 1 నుంచి జాంజిబార్‌కు వచ్చే ప్రతి విదేశీయుడూ అక్కడి బీమాను 44 డాలర్లు కట్టి తీసుకోవాలన్న నిబంధనను మాత్రం బయలుదేరే ముందు రోజు రాత్రి ఫోనులో చెప్పారు. అది 50 డాలర్ల వీసా రుసుముకు అదనం. టాంజానియా 2019 జూన్ 1 నుంచి ప్లాస్టిక్ సంచులను నిషేధించిందన్న విషయం వారు అసలే చెప్పలేదు. వానాకాలం కదా అని పొడులు, అప్పడాలు, ఆవకాయ సీసా అన్నీ అత్తయ్య గారు క్యారీ బ్యాగుల్లో చుట్టిపెట్టారు. మా పక్కింటివారు సమయానికి చెప్పబట్టి సరిపోయింది గానీ, లేకుంటే విమానాశ్రయంలో పెట్టె విప్పవలసి వచ్చేది.

మొదటి రెండు రాత్రులు జాంజిబార్ నగరపు పాత భాగమైన స్టోన్ టౌన్‌లో. ఈ ప్రయాణంలో నేను మనస్ఫూర్తిగా మెచ్చుకునే భాగం ఇదే, దీనికి వాన కూడా ఒక కారణం. ఇద్దరు పక్కపక్కన నడిస్తే నిండిపోయే సందులు, తలుపుల మీద ఇత్తడి బొడిపెలు, ఇళ్ల గోడలను అంటిపెట్టుకుని వీధి పొడవునా సాగే రాతి అరుగులు. ఈ అరుగులను బరాజా అంటారు. మామూలు రోజుల్లో జనం కూర్చుని కాఫీ తాగుతూ మాట్లాడుకునే ఈ చోటు, వాన పెద్దదై సందు కాలువగా మారినప్పుడు నడకదారి అవుతుంది. మేము దిగిన రోజు మధ్యాహ్నం అరగంటలో మడమలు మునిగేంత నీరు వచ్చింది; మాకు తోడు వచ్చిన స్థానిక గైడు అత్తయ్య గారి చేయి పట్టుకుని ఒక అరుగు మీద నుంచి మరొక అరుగు మీదికి నడిపిస్తూ బస వరకు తీసుకువెళ్లాడు. ‘మా ఊళ్లో ఇట్లాంటి అరుగులన్నీ కొట్టేసి షట్టర్లు పెట్టుకున్నరు బిడ్డా’ అని ఆమె ఆ రాత్రి నాతో అన్నారు.

ఆ ఊరి ఇళ్లు పగడపు రాతితో, గచ్చు సున్నంతో కట్టినవి. ఇలాంటి గోడలకు తడి ఎంత చేటో చార్మినార్ ఉన్న నగరవాసులకు విడమరచి చెప్పనక్కరలేదు. 2019 మేలో దాని మినారు నుంచి గచ్చు పెచ్చు ఊడిపడింది మనకు గుర్తే. జాంజిబార్‌ను ఏలిన సుల్తాన్ బర్గష్ 1883లో కట్టించిన ‘హౌస్ ఆఫ్ వండర్స్’ అనే రాజభవనం 2020 డిసెంబరు 25న కొంత భాగం కూలిపోయింది. సంస్థ ఇచ్చిన పత్రంలో మాత్రం దానిని ‘లోపల చూడవలసిన మ్యూజియం’ అని ముద్రించారు. ఐదేళ్ల నాటి పత్రాన్ని ఒకసారి చదివి దిద్దే ఓపిక కూడా లేకపోవడం క్షమించదగింది కాదు. 1873లో మూతపడిన బానిసల సంత ఉన్న చోట కట్టిన ఆంగ్లికన్ చర్చికి మాత్రం గైడు మమ్మల్ని తానే తీసుకువెళ్లాడు. అక్కడి నేలమాళిగ గదుల్లో వంగి నిలబడినప్పుడు, పైన వాన చప్పుడు వినిపిస్తుండగా మా అమ్మాయి నా చెయ్యి వదలలేదు. మన హైదరాబాదులో మాసబ్ ట్యాంక్ దగ్గరి ఏసీ గార్డ్స్ పేరులో ఉన్నది ఆఫ్రికన్ కావల్రీ (అశ్వదళం) అనీ, నిజాముల కొలువులోని ఆఫ్రికా సంతతి సైనికుల వల్ల ఆ పేరు వచ్చిందనీ తనకు అక్కడే చెప్పాను.

తిండి విషయంలో శాకాహారులు భయపడనక్కరలేదు. ఉరోజో అని పసుపు రంగులో పుల్లపుల్లగా ఉండే చిక్కని పులుసు ఒకటి ఉంది. అందులో బజ్జీలు, ఉడికించిన బంగాళాదుంప ముక్కలు, కరకరలాడే కర్రపెండలం వేపుడు, కొబ్బరి పచ్చడి వేసి గిన్నెలో ఇస్తారు. మాంసం ముక్కలు వేయవద్దని ముందే చెప్పాలి. తడిసి వచ్చి, అరుగు మీద కూర్చుని వేడివేడిగా తాగిన ఆ పులుసుకు మించినది ఆరు రోజుల్లో మేమేదీ తినలేదు. కొబ్బరిపాలతో వండిన చిక్కుడు గింజల కూర, చపాతీ ఎక్కడైనా దొరుకుతాయి. ఫొరోధాని తోటలో రాత్రిపూట పెట్టే తినుబండారాల బళ్లు గట్టి వాన రోజుల్లో తక్కువగా ఉంటాయి. మేము వెళ్లిన రెండు సాయంత్రాల్లో ఒకటి అలాగే పోయింది.

తరువాతి నాలుగు రాత్రులు తూర్పు తీరంలోని పాజేలో. తప్పు ఇక్కడే జరిగింది. ఈ తీరంలో ఆటు వేళ నీరు చాలా దూరం వెనక్కి పోతుంది, ఈదాలంటే పోటు వేళల కోసం కాచుకోవాలి. మసికాలో ఆ వేళల్లోనే వాన దిగితే రోజంతా గదిలోనే. ఉత్తరాన కెండ్వా, నుంగ్వి వైపు ఆటుపోట్ల తేడా అంతగా తెలియదు కాబట్టి, అక్కడైతే వాన తెరిపిచ్చిన గంటసేపైనా నీళ్లలో దిగవచ్చు. ఈ చిన్న విషయం ప్యాకేజీ కూర్చినవారికి తెలిసి ఉండాలి. పైగా చాలా హోటళ్లు ఏప్రిల్, మే నెలల్లో మూసేస్తాయి లేదా మరమ్మతులు పెట్టుకుంటాయి. మా హోటల్లో ఈతకొలను ఖాళీ చేసి పలకలు మారుస్తున్నారు, రెండు భోజనశాలల్లో ఒకటి మూసి ఉంది. మ్నెంబా దీవి దగ్గర పగడపు దిబ్బలు చూపించే పడవ యాత్రను అలలు, మురికినీటి కారణంగా రద్దు చేశారు. ఆ నిర్ణయం సరైనదే, పడవవాళ్లను నేను తప్పుపట్టను.

అయినా పాజేలో ఒక ఉదయం మాకు మిగిలింది. ఆటు వేళ మోకాటి లోతు నీళ్లలో ఆడవాళ్లు కర్రలు పాతి, తాళ్లు కట్టి సముద్రపు నాచు పెంచుతున్నారు. ఈ సాగు అక్కడ 1980ల చివర మొదలైంది. కోసిన నాచును ఎండబెట్టి అమ్ముతారు. దాని నుంచి తీసే పదార్థం ఐస్‌క్రీముల్లో, టూత్‌పేస్టుల్లో పడుతుంది. వాన మొదలవగానే వారు ఇసుక మీద ఆరబెట్టిన నాచును పరుగున ఎత్తుకుపోవడం చూసి, అత్తయ్య గారు కల్లంలో వడ్లు ఎత్తినట్టే వంగి సాయం పట్టారు.

జోజాని అడవి విహారం ఒక పొరపాటు వల్ల సగమైంది. స్వాహిలిలో గంటలను పొద్దు పొడుపు నుంచి లెక్కిస్తారు, మన పెద్దలు ఘడియలు లెక్కపెట్టినట్టే; ఉదయం ఏడు వారికి ఒకటో గంట. డ్రైవరు రెండో గంట అన్నది ఉదయం ఎనిమిది అన్న అర్థంలో. హైదరాబాదు ఆఫీసువారు దానిని మధ్యాహ్నం రెండు అని రాసి మాకు పంపారు. అతను వానలో రెండు గంటలు కాచుకుని, చివరకు హోటలువారి చేత మమ్మల్ని పిలిపించాడు. అంత జరిగినా విసుగు చూపకుండా మమ్మల్ని తీసుకువెళ్లిన ఆ డ్రైవరుకు ఈ సమీక్షలో పూర్తి మార్కులు. ప్రపంచంలో జాంజిబార్‌లో తప్ప సహజంగా మరెక్కడా లేని ఎర్ర కొలబస్ కోతులు అక్కడ తడిసి, ఒకదాన్నొకటి హత్తుకుని, మాకు నాలుగడుగుల దూరంలో కూర్చున్నాయి. సుగంధ ద్రవ్యాల తోట కూడా వానలోనే బాగుంది: తడి గాలిలో లవంగం ఆకు, దాల్చిన బెరడు నలిపితే వచ్చే వాసన ఎండలో అంత నిలవదేమో. ఎర్రమట్టి జారుతుంది, పట్టున్న చెప్పులు తప్పనిసరి.

ఈ సెలవుల్లోనే వెళ్లక తప్పనివారు స్టోన్ టౌన్‌లో నాలుగు రాత్రులు, ఉత్తర తీరంలో రెండు రాత్రులు అడిగి తీసుకోవాలి. హోటలులో ఏవేవి మూసి ఉంటాయో రాతపూర్వకంగా తెప్పించుకోవాలి, పడవ యాత్ర రద్దయితే డబ్బు తిరిగి ఇచ్చే షరతు రాయించుకోవాలి. ధరలు తగ్గే కాలం కాబట్టి బేరానికి వీలుంటుంది, మేము అడగలేదు. జూన్ వచ్చేసరికి వానలు తగ్గి గాలి చల్లబడుతుంది గనుక, సెలవుల చివరి పది రోజులు మసికా కంటే ఎంతో మేలు.

గైడుకు, డ్రైవరుకు ఐదుకు ఐదు. స్టోన్ టౌన్ బసకు నాలుగు. ప్యాకేజీ కూర్చిన సంస్థకు రెండు. పడవ యాత్రకు కట్టిన సొమ్మును వారు 22 రోజులకు తిరిగి ఇచ్చారు, మర్యాదగానే మాట్లాడారు. వచ్చే ఏడాది వేసవికి వారు వేసిన కొత్త కరపత్రం నిన్న చేతికి వచ్చింది: 44 డాలర్ల బీమా సంగతి చేర్చారు, మ్యూజియం పేరు తీసేశారు. వాన గురించి ఇంకా ఒక్క వాక్యం లేదు.