ఏనుగుపిల్లని దత్తత తీసుకున్నాం, ఏడాదయ్యాక నా రివ్యూ

మా పాప పుట్టినరోజుకి బొమ్మలేం వద్దు ఏనుగు కావాలంది, వైజాగ్ జూకి వెళ్ళొచ్చినప్పట్నుంచీ అదే గోల. అందుకని కెన్యాలోని నైరోబీలో అనాథ ఏనుగుపిల్లల్ని సాకే షెల్డ్రిక్ వైల్డ్‌లైఫ్ ట్రస్ట్ వాళ్ళ దగ్గర తల్లి లేని ఒక గున్న ఏనుగుని ఆన్‌లైన్‌లో దత్తత తీసుకున్నాం, ఏడాదికి 50 డాలర్లు. ఏనుగు అక్కడే ఉంటుంది, మనం దాని పోషణకి డబ్బు పంపడమే. పార్సిల్ ఏం రాదు, సర్టిఫికెట్టూ అన్నీ మెయిల్లోనే. మా అత్తగారైతే "ఏటమ్మా, డబ్బిచ్చి కాయితం కొన్నావేటి" అన్నారు.

మా బ్యాంకు కార్డు రెండుసార్లు ఫెయిలైంది, ఇంటర్నేషనల్ ఆన్ చేసుకోవాలన్న ముక్క కస్టమర్ కేర్ వాడు ముప్పావుగంట తర్వాత చెప్పాడు. సర్టిఫికెట్ ఎంవీపీ కాలనీలో కలర్ ప్రింట్ తీయించి లామినేషన్ చేయిస్తే గానీ పాప మొహం వెలగలేదు. అదే ఏనుగుని ఇంకా బోలెడుమంది దత్తత తీసుకుంటారని తెలిసి మళ్ళీ ఒక పూట ఏడుపు.

అసలు సరుకు నెలనెలా వచ్చే కీపర్ల డైరీ, అంటే అక్కడ ఏనుగుపిల్లల్ని చూసుకునేవాళ్ళు రాసేది. ఏ పిల్ల ఎవర్ని తోసింది, ఎవరి పాల సీసా ఎవరు లాక్కున్నారు, అన్నీ రాస్తారు. ఇంగ్లీషులో ఉంటుంది, పడుకునే ముందు నేను తెలుగులో చెప్తాను. చిన్నవాటికి మూడు గంటలకోసారి పాలు, అర్ధరాత్రి కూడా, కీపరు ఆ కొట్టంలోనే పడుకుంటాడు, అయితే ఒకే మనిషికి అలవాటుపడితే అతను లేనిరోజు బెంగపెట్టుకుంటాయని మనుషుల్ని మారుస్తుంటారు. ఆవుపాల కొవ్వు వాటికి పడదు, ఈ ట్రస్ట్ పెట్టిన డాఫ్నే షెల్డ్రిక్ ఏళ్ళతరబడి తంటాలుపడి చివరికి కొబ్బరినూనె కలిపితే అరిగింది. ఇది చెప్తే అత్తగారు "తలకి రాసుకునేదా?" అన్నారు, ఆ రోజు నుంచీ డైరీ వచ్చిందా అని ఆవిడే అడుగుతున్నారు.

కాస్త పెద్దయ్యాక కెన్యాలోనే ఉన్న సావో నేషనల్ పార్కు వైపు తీసుకెళ్తారు. పగలు అడవిలో తిరిగి రాత్రికి కొట్టానికొస్తాయి, అడవి మందలో ఎప్పుడు కలిసిపోవాలో ఏనుగే తేల్చుకోవాలి, తొందరపెట్టరు, ఏళ్ళు పడుతుంది. అలా వెళ్ళిపోయిన ఆడ ఏనుగులు కొన్ని తర్వాత తమ పిల్లల్ని వెంటేసుకుని పాత కీపర్ల దగ్గరికొస్తాయి. "పుట్టింటికొచ్చిందన్నమాట" అని అత్తగారు కళ్ళు తుడుచుకున్నారు.

మా ఆయన మాత్రం, ఇక్కడ 2023 మేలో మన పార్వతీపురం మన్యం జిల్లా భామిని మండలంలో కరెంటు తగిలి నాలుగు ఏనుగులు పోయాయి, నువ్వు కెన్యాకి పంపుతావా అంటాడు. దానికి నా దగ్గర సమాధానం లేదు.

ఈ నెల రెన్యువల్. పాప ఈసారి ఖడ్గమృగం పిల్ల కావాలంటోంది, అత్తగారు ఒప్పుకోవట్లేదు, "మన పిల్లని మధ్యలో వదిలేస్తామేటి" అని.